కార్డినల్ మొదలుపెట్టిన చర్చిలో లూథర్ ముఖం

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

యూరప్‌లో చర్చిలు చూడాలంటే మనవాళ్ళు ముందు రోమ్ అంటారు, తర్వాత పారిస్ అంటారు. ప్రొటెస్టెంట్ చర్చి అనగానే "అక్కడ గోడలూ బెంచీలూ తప్ప ఏముంటాయండీ" అనేస్తారు. కొన్నిచోట్ల అది నిజమే. జ్యూరిచ్‌లో 1524లో చర్చిల్లోని బొమ్మలన్నీ పనిగట్టుకుని తీయించేశారు. జర్మనీలో ఈ ప్రొటెస్టెంట్ సంస్కరణకి నాంది పలికిన మార్టిన్ లూథర్ అనుచరులు మాత్రం అంత దూరం పోలేదు. ఎంత దూరం పోలేదో చూడాలంటే జర్మనీలోని హాలె నగరానికి వెళ్ళాలి. లైప్‌జిగ్ నుంచి రైల్లో దాదాపు అరగంట ప్రయాణం.

ఊరి నడిబొడ్డున పెద్ద మార్కెట్ చౌక్. దాన్ని ఆనుకుని ఉన్నదే మార్కెట్ చర్చి. దూరం నుంచి ముందు కనబడేవి నాలుగు గోపురాలు. పక్కనే విడిగా ఎర్ర గోపురం అని ఇంకొకటుంది కాబట్టి హాలెకి ఐదు గోపురాల ఊరని పేరు. చర్చికి ఉన్న నాలుగూ నిజానికి రెండు చర్చిలవి. ఒకప్పుడు సెయింట్ గెర్ట్రూడ్ చర్చి, మేరీమాత చర్చి ఎదురూబొదురూ ఉండేవి. రెండింటి మధ్య భాగాలనూ పడగొట్టి, గోపురాలను అలాగే ఉంచి, వాటి నడుమ కొత్త హాలు కట్టారు. తూర్పు గోపురాలను కలుపుతూ పైన ఒక వంతెన ఉంది. ఊళ్ళో ఎక్కడైనా నిప్పు అంటుకుంటుందేమోనని కాపలా కాసే మనిషి అక్కడే కాపురం ఉండేవాడు. 20వ శతాబ్దం మొదట్లో కూడా ఆ ఇంట్లో మనుషులున్నారు.

ఉన్న రెండు చర్చిలను పడగొట్టి ఒకటి కట్టడం ఎందుకు? ఇక్కడే కార్డినల్ ఆల్‌బ్రెక్ట్ వస్తాడు. కార్డినల్ అంటే కాథలిక్ చర్చిలో పోప్ తర్వాతి స్థాయి పెద్ద. ఈయన మైంజ్‌కి ఆర్చిబిషప్, నివాసం హాలెలో. ఆ పదవి కోసం ఫుగ్గర్ అనే వడ్డీ వ్యాపారుల దగ్గర పెద్ద అప్పు చేశాడు. అది తీర్చడానికి పాపపరిహార పత్రాలు, అంటే డబ్బిచ్చి కొంటే పాపాలకు పడే శిక్ష తగ్గుతుందని చెప్పే కాగితాలు, అమ్మించాడు. టెట్జెల్ అనే సన్యాసి ఊరూరా తిరిగి అమ్మింది వీటినే. 1517 అక్టోబర్ 31న లూథర్ ఆ అమ్మకాలను తప్పుబడుతూ ఉత్తరం రాసింది కూడా ఈ ఆల్‌బ్రెక్ట్‌కే. లూథర్ తన వాదనల కాగితాన్ని విటెన్‌బర్గ్ చర్చి తలుపుకి మేకులతో కొట్టిన కథ మనందరికీ తెలుసు, ఈ ఉత్తరం సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఆల్‌బ్రెక్ట్ దగ్గర పునీతుల అవశేషాలు 8,000కు పైగా ఉండేవట. హాలెని కొత్త మతానికి అడ్డుకోటగా నిలపాలని ఆయన ఆశ. 1529లో ఈ చర్చి పని మొదలైంది ఆ ఆశతోనే.

గోడలు పూర్తిగా లేవకముందే కథ మారింది. ఊరి జనం సంస్కరణ వైపు మొగ్గారు, ఆల్‌బ్రెక్ట్ మెడకి అప్పులు చుట్టుకున్నాయి. 1541లో ఆయన హాలె వదిలి వెళ్ళిపోయాడు. అదే ఏడు లూథర్ మిత్రుడు యూస్టుస్ యోనాస్ వచ్చి ఇక్కడ కొత్త పద్ధతిలో ప్రసంగించాడు. చర్చి పూర్తయింది 1554లో. కాథలిక్కుగా పునాది వేసుకుని ప్రొటెస్టెంటుగా పైకప్పు వేసుకున్న కట్టడం అన్నమాట. లోపల సన్నటి ఎత్తయిన స్తంభాలు, వల అల్లినట్టున్న కప్పు. చుట్టూ రాతి గ్యాలరీలు, వాటిమీద చెక్కిన బైబిల్ వాక్యాలు జర్మన్ భాషలో ఉంటాయి. లాటిన్ రాని మనిషి కూడా తలెత్తి చదువుకోవచ్చు.

బలిపీఠం మీదున్న చిత్రాన్ని మాత్రం తీరిగ్గా చూడండి. 1529 నాటిది, జర్మన్ చిత్రకారుడు క్రానాఖ్ చిత్రశాల పని. మధ్యలో నెలవంక మీద మేరీమాత. ఆమె ముందు మోకరించి ఉన్న మనిషి ఎవరనుకున్నారు? ఆల్‌బ్రెక్టే! లూథరన్ల బలిపీఠం మీద లూథర్ ప్రత్యర్థి ఇన్ని వందల ఏళ్ళుగా దర్జాగా మోకరించి ఉన్నాడు. మన దగ్గర ప్రభుత్వం మారితే పాత శిలాఫలకం మరుసటి వారం దాకా ఉంటుందా? చరిత్రకారులు కారణాలు వేరే చెప్పొచ్చు గానీ, నాకు ఆ ఊరి పెద్దల ధీమా నచ్చింది.

ఇక లూథర్. బతికుండగా ఈ చర్చిలో ప్రసంగించాడు, 1546 జనవరిలో కూడా. ఫిబ్రవరి 18న ఐస్లెబెన్‌లో చనిపోయాడు. శవాన్ని విటెన్‌బర్గ్ తీసుకెళ్తూ ఒక రాత్రి ఈ చర్చిలోనే ఉంచారు. తనను అడ్డుకోవడానికి మొదలుపెట్టిన కట్టడంలో ఆ రాత్రి గడిచిందన్నమాట. ఆయన ముఖానికీ చేతులకీ తీసిన మైనపు అచ్చులు ఇప్పటికీ ఇక్కడున్నాయి. అలిసిపోయిన, ఉబ్బిన ముసలి ముఖం. ఆ చేతులు చూస్తే మాత్రం ఇంత రాసింది వీటితోనా అనిపిస్తుంది. అవే చేతులు 1543లో యూదుల మీద విషం కక్కే పుస్తకం కూడా రాశాయి. ఆ గదిలో నిలబడినప్పుడు అదీ గుర్తుండాలి.

ఒక పిడకల వేట. 17వ శతాబ్దంలో ఎవరికో ఉత్సాహం పుట్టి, ఆ అచ్చులకి మొండెం తగిలించి, బట్టలు తొడిగి, కళ్ళు తెరిచినట్టు పెట్టి, చర్చి గ్రంథాలయంలో లూథర్‌ని బల్ల దగ్గర కూర్చోబెట్టారు. 20వ శతాబ్దంలో గానీ ఆ బొమ్మని విడదీయలేదు. అవశేషాల పూజని ఏకిపారేసిన మనిషికి పట్టిన గతి చూడండి!

సంగీతం అంటే ఇష్టమున్నవాళ్ళకి ఈ చర్చి ఇంకో రకంగా పుణ్యక్షేత్రం. 1685 ఫిబ్రవరి 24న ఇక్కడి కంచు తొట్టిలో ఒక రోజు బిడ్డకి బాప్తిస్మం ఇచ్చారు. ఆ బిడ్డే హాండెల్, మన చర్చిల్లో క్రిస్మస్‌కి కాయిర్లు పాడే హల్లెలూయా కోరస్ కట్టినవాడు. ఆ తొట్టి 1430 నాటిది. బలిపీఠం పైన 1664 నాటి చిన్న ఆర్గన్ ఉంది. హాండెల్ గురువు జాఖావ్ ఈ చర్చి ఆర్గనిస్టే. పడమటి వైపు పెద్ద ఆర్గన్‌ని 1716లో పరీక్షించడానికి వచ్చినవాళ్ళలో ప్రసిద్ధ సంగీతకర్త బాఖ్ ఒకడు. అంతకుముందు ఇక్కడి ఉద్యోగం ఇస్తామంటే వద్దన్నాడాయన. తర్వాత ఆయన పెద్ద కొడుకు ఇక్కడ చాలా ఏళ్ళు పనిచేశాడు. పెద్ద ఆర్గన్‌కి ఇప్పుడు బయటి చెక్క తొడుగు మాత్రమే పాతది, లోపలి వాద్యం 1984లో చేసింది.

చర్చి చూశాక రైలెక్కేయకండి. నడిచి వెళ్ళేంత దూరంలో ఫ్రాంకె విద్యాసంస్థల ప్రాంగణం ఉంది. 17వ శతాబ్దం చివర్లో ఫ్రాంకె అనే పాస్టర్ ఇక్కడ అనాథాశ్రమం, బడులు, అచ్చుకూటం పెట్టాడు. 1706లో తమిళ తీరంలోని తరంగంబాడిలో దిగిన మిషనరీ జీగన్‌బాల్గ్ ఈ హాలె వర్గం మనిషే. ఆ దారిలోనే వచ్చిన బెంజమిన్ షుల్ట్జ్ మద్రాసులో తెలుగు నేర్చుకుని, లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాశాడు. 1743లో హాలెకి తిరిగొచ్చాక 1746-47లో తెలుగు లిపిలో చిన్న పుస్తకాలు అచ్చు వేయించాడు. లూథర్ చిన్న కాటకిజం, అంటే మత విషయాల ప్రశ్నోత్తరాల పుస్తకం, వాటిలో ఒకటి. తెలుగు లిపిలో తొలి అచ్చు పుస్తకాలు ఇవేనని మన చరిత్రకారులు చెబుతారు. బెజవాడలో కాదు, మద్రాసులో కాదు, హాలెలో! లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చింది 1842లో. అంటే గుంటూరు లూథరన్ మిషన్ పుట్టడానికి సుమారు వందేళ్ళ ముందే, లూథర్ ప్రశ్నోత్తరాలు మన అక్షరాల్లో అచ్చయ్యాయి.

జర్మన్ గ్యాలరీ మీద వాక్యాలు చెక్కించిన పట్టుదల, ఈ తెలుగు అచ్చు వెనకున్న పట్టుదల ఒక్కటేనని నా అభిప్రాయం. ఎవరి భాషలో వాళ్ళు చదువుకోవాలన్నదే రెండు చోట్లా పనిచేసింది. మతం మార్చడమే వాళ్ళ ఉద్దేశం, అందులో దాపరికం లేదు. దానితో ఏకీభవించనివాళ్ళు కూడా ఆ అచ్చుపనిని మన పుస్తక చరిత్రలోంచి తీసేయలేరు.

జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లలు ఎవరైనా ఉంటే ఈ సంగతి చెప్పండి. ఆదివారం పొద్దున వెళ్తే ఆరాధన జరుగుతుంటుంది, కూర్చుని పాటలు వినొచ్చు గానీ తిరిగి చూడటం కుదరదు. మామూలు రోజు వెళ్ళి, ముందు చర్చి, తర్వాత ఫ్రాంకె ప్రాంగణం చూస్తే మంచిది. ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి.