మెట్టు కింద సాక్ష్యం, మెట్టు మీద ప్రసంగం

(ఒంగోలులో ఆదివారం సాయంత్రం రేడియోలో వచ్చిన ఫోన్-ఇన్ కార్యక్రమం ఇది. సెమినరీలో చాలా ఏళ్లు బైబిల్ పాఠాలు చెప్పి రిటైరైన అమ్మగారు జవాబులిచ్చారు. ఫోన్ చేసినవాళ్ల పేర్లు తీసేశాం.)

యాంకర్: హలో, ఎక్కడి నుంచండీ?

కాలర్: వందనాలండీ. మాది కందుకూరు పక్కన పల్లె. అమ్మగారితో మాట్లాడాలి.

యాంకర్: మాట్లాడమ్మా. ముందు ఆ రేడియో సౌండు తగ్గించు, నీ గొంతే నీకు తిరిగొస్తోంది.

కాలర్: ఆఁ, తగ్గించానండీ. అమ్మగారూ, మా సంఘంలో స్త్రీల సమాజం నేనే చూస్తాను. పోయిన నెల మా పాస్టరు అయ్యగారికి జ్వరమొచ్చి, ఆదివారం వాక్యం నన్ను చెప్పమన్నారు. సరేనని లేచాను. పెద్దల్లో ఒకాయన ఎదురొచ్చి, "స్టేజీ ఎక్కొద్దు, కిందే నిలబడి చెప్పు" అన్నారు. జానెడు మెట్టండీ అది. కానుకల పెట్టె పక్కన నిలబడి, ఒక చేత్తో బైబిలు, ఒక చేత్తో మైకు పట్టుకుని చెప్పాను. పేజీ తిప్పాలంటే మైకు చంకలో పెట్టుకోవాల్సి వచ్చింది. అంతా అయ్యాక ఆయనే ప్రార్థన చేస్తూ, "సహోదరి సాక్ష్యం కోసం స్తోత్రం" అన్నారు. నేను చెప్పింది లూకా పదమూడో అధ్యాయం, నడుము వంగిపోయిన స్త్రీ సంగతి. సాక్ష్యమంటే మన సొంత అనుభవం చెప్పుకోవడం కదా, వాక్యం చెబితే అది సాక్ష్యం ఎట్టా అవుతుంది? మా ఆయన కూడా కమిటీలో ఉన్నారు. అక్కడ పెదవి విప్పలేదు. ఇంటికొచ్చి, "పౌలు అట్టా రాశాడు, మనమేం చేస్తాం" అన్నారు. పౌలు నిజంగానే మమ్మల్ని నోరెత్తొద్దన్నాడా?

అమ్మగారు: భలే భాగం ఎత్తుకున్నావు తల్లీ. పద్దెనిమిదేళ్లు వంగిపోయి ఉన్న ఆమెను యేసు సమాజమందిరంలో అందరి ఎదుటికీ పిలిచాడు. అబ్రాహాము కుమార్తె అన్నాడు. ఆ రోజు కూడా మందిరపు అధికారికే కోపమొచ్చింది, గుర్తుందా?

కాలర్: (నవ్వు) అది చెప్పేటప్పుడు ఆయన వైపు చూడలేకపోయానండీ.

అమ్మగారు: ఇప్పుడు తొలి సంఘాలకు ఉత్తరాలు రాసిన అపొస్తలుడు పౌలు దగ్గరికి వద్దాం. స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలన్న మాట కొరింథు సంఘానికి ఆయన రాసిన మొదటి ఉత్తరం, మొదటి కొరింథీ 14వ అధ్యాయం, 34వ వచనంలో ఉంది. లేదని నేను చెప్పను. కానీ కాస్త పైకి వెళ్లి 28వ వచనం చూడు. ఆత్మావేశంలో తెలియని భాషలతో మాట్లాడేవాడు, అర్థం చెప్పేవాళ్లు లేకపోతే మౌనంగా ఉండాలి. 30వ వచనం: ఒకడు ప్రవచిస్తుండగా, అంటే దేవుని మాట చెబుతుండగా, ఇంకొకరికి ఏదైనా బయలుపడితే, మొదటివాడు మౌనంగా ఉండాలి. ఒకే పేజీలో మూడుసార్లు మౌనం. మొదటి రెండూ ఆ కాసేపటికే అని అందరం ఒప్పుకుంటాం. మూడోది మాత్రం జన్మంతా అంటాం. ఆ వెంటనే ఏమన్నాడు? ఏదైనా నేర్చుకోవాలనుకుంటే ఇంట్లో భర్తల్ని అడగమన్నాడు. అంటే అక్కడి గొడవ కూటం మధ్యలో ప్రశ్నలు వేయడం గురించి అని నేను అర్థం చేసుకుంటాను. మూడు అధ్యాయాల ముందు, పదకొండులో, స్త్రీలు ప్రార్థన చేస్తున్నారు, ప్రవచిస్తున్నారు. ఆ పని ఆపమనలేదు, తలమీద ముసుగు ఉండాలన్నాడు. మనం ముసుగు సంగతి పట్టుకున్నాం, ప్రవచనం సంగతి వదిలేశాం.

యాంకర్: నెల్లూరు నుంచి మెసేజ్ కూడా ముసుగు గురించే. వేసుకోకపోతే పాపమా అని.

అమ్మగారు: మన ఊళ్లలో ప్రార్థనకు కొంగు కప్పుకోవడం మర్యాద. నేనూ కప్పుకుంటాను. దానికోసం ఒకరినొకరు తప్పుపట్టుకోవద్దు. ఇంకో కాల్ తీసుకోండి.

యాంకర్: పొదిలి నుంచి ఒక పెద్దాయన లైన్లో ఉన్నారు. కందుకూరమ్మా, నువ్వు కూడా లైన్లోనే ఉండు.

కాలర్ (పొదిలి): వందనాలు. నేను ముప్పై ఏళ్లుగా సంఘ పెద్దను. అమ్మగారు కొరింథీ చెప్పారు, తిమోతి చెప్పలేదు. పౌలు తిమోతికి రాసిన మొదటి ఉత్తరం, రెండో అధ్యాయం, పన్నెండో వచనం. స్త్రీ ఉపదేశించడానికి, పురుషుడి మీద అధికారం చేయడానికి సెలవియ్యనన్నాడు. కారణం కూడా చెప్పాడు. మొదట ఆదామును నిర్మించారని. అది ఒక ఊరి గొడవ కాదు, సృష్టి క్రమం. పైగా స్త్రీ సహాయకురాలు.

అమ్మగారు: అయ్యా, ఆదాము సంగతి బలమైన మాటే. దానికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. చాలా బాప్టిస్టు సంఘాలు స్త్రీలకు పాస్టరుగా అభిషేకం ఇవ్వకపోవడానికి దాన్నే చూపిస్తాయి. కానీ మూడు వచనాల ముందు, తొమ్మిదిలో, జడలు, బంగారం, ముత్యాలు, ఖరీదైన బట్టలు వద్దన్నాడు. మీ సంఘంలో పెళ్లికి ఆ వచనం ఎవరైనా చదువుతారా?

కాలర్ (పొదిలి): ...అది వేరండీ.

అమ్మగారు: ఎందుకు వేరో చెప్పగలిగితే పన్నెండో వచనం గురించి కూడా మనం మాట్లాడుకోవచ్చు. ఇక సహాయం. ఆదికాండంలో సాటియైన సహాయం అన్నారు. 121వ కీర్తనలో నాకు సహాయం యెహోవా వల్లనే అన్నారు. హెబ్రీలో రెండు చోట్లా ఒకే మూలమాట. సహాయం చేసేవాళ్లు తక్కువైతే, దేవుణ్ణి ఏమనాలి?

కాలర్ (పొదిలి): మరి మూడో అధ్యాయంలో సంఘ అధ్యక్షుడు ఏకపత్నీ పురుషుడై ఉండాలన్నాడు. స్త్రీ ఎట్లా అవుతుంది?

అమ్మగారు: అదే అధ్యాయంలో పరిచారకులకూ అదే షరతు పెట్టాడు. మరి రోమా 16లో కెంక్రేయ సంఘ పరిచారకురాలని ఫీబేను మెచ్చుకున్నది ఎవరు? పౌలే. ప్రసంగాలు చేసే అపొల్లోను చేర్చుకుని, దేవుని మార్గం ఇంకా పూర్తిగా విశదపరచింది ప్రిస్కిల్ల, అకుల. అపొస్తలుల కార్యములు 18లో అక్కడ ఆమె పేరే ముందు.

యాంకర్: మన దగ్గర చరిత్ర ఏం చెబుతుందమ్మగారూ?

అమ్మగారు: 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండెక్కి ఈ ప్రాంతం కోసం ప్రార్థించింది ఐదుగురు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జూవెట్ దొర, ఆయన భార్య, నర్సు అనే ఆయన, జూలియా, రూతు. లెక్కపెట్టండి, ముగ్గురు స్త్రీలు. ఇంకో మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చింది 1866లో, గుండ్లకమ్మలో వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నది 1878లో. అవన్నీ ఆ తర్వాతే. మగవాళ్లు అడుగుపెట్టలేని ఇళ్లలోకి వెళ్లి వాక్యం చెప్పింది బైబిల్ స్త్రీలు, అంటే మిషన్ ఆ పనికి పెట్టుకున్న ఆడవాళ్లు. 2013లో నంద్యాలలో సీఎస్ఐ, అంటే దక్షిణ ఇండియా సంఘంవారు పుష్పలలిత గారిని బిషప్‌ని చేశారు, దేశంలోనే ఆ సంఘంలో తొలి మహిళా బిషప్. అందరూ ఒప్పుకున్నారని కాదు. బాప్టిస్టు పద్ధతిలో ఏ సంఘం నిర్ణయం ఆ సంఘానిదే. అందుకే కందుకూరమ్మకు ఒక మాట. మీ ఆయనతో గొడవపడకు. వచ్చే కమిటీలో పద్నాలుగో అధ్యాయం మొదటి నుంచి చివరిదాకా గట్టిగా చదవమను, అంతే. మెట్టు ఎక్కనివ్వకపోయినా, కనీసం బైబిలు పెట్టుకోవడానికి స్టాండు అడుగు.

కాలర్ (కందుకూరు): (నవ్వు) స్టాండు అయితే ఇస్తారండీ, అది మగవాళ్ళు మోసుకొస్తారు.

కాలర్ (పొదిలి): అమ్మగారూ, మాకూ ఆదివారమే కమిటీ. ఆ పద్నాలుగో అధ్యాయం నేనూ చదివిస్తాను. ఒప్పుకున్నానని మాత్రం రేడియోలో చెప్పొద్దు.