పెరటి వేపచెట్టు ఎండిపోతోందా? కొట్టించే ముందు మాను మొదలు చూడండి

నమస్కారమండీ. నా వెనక ఉన్నది మా పెరటి వేపచెట్టు. బెంగళూరు రామ్మూర్తినగర్‌లో ఈ ఇల్లు కట్టినప్పుడు మా మామగారు నాటారు. ఎండాకాలం మధ్యాహ్నం మా వంటింటికి నీడ దీనిదే. మొన్న దీపావళికల్లా కొమ్మల చివర్లన్నీ మాడినట్టయిపోయాయి. చచ్చిపోయిందనుకుని, టెన్షన్‌లో చెట్లు కొట్టేవాళ్లతో బేరం కూడా మాట్లాడేశాం. ఆ పని ఆపింది ఒక చిన్న పరీక్ష.

ఇదిగో, దగ్గరగా చూడండి. కొమ్మ చివర గోటితో బెరడు గీకుతున్నాను. లోపల గోధుమ రంగు, పొడి. అంటే ఇది పోయింది. జానెడు కిందికి వచ్చి మళ్లీ గీకుతున్నా... ఇక్కడా అంతే. ఇంకాస్త కిందికి... ఆ! పచ్చగా, తడిగా ఉంది చూశారా? ఇక్కడి నుంచి ప్రాణం ఉంది.

వేపకు చివర్లు ఎండడం చాలాసార్లు టీ దోమ అనే పురుగు, ఒక రకం శిలీంధ్రం (ఫంగస్) వల్ల. దోమ లేత చిగుళ్లలో రసం పీలుస్తుంది, శిలీంధ్రం కొమ్మను చివరి నుంచి ఎండబెడుతుంది. వానలు పోయాక చూస్తే చెట్టంతా ఎండినట్టే ఉంటుంది. కానీ మొదలు గట్టిగా ఉన్న చెట్టు చాలావరకు ఉగాదికి మళ్లీ చిగురేస్తుంది. అందుకే ఆకుల్ని చూసి తీర్పు చెప్పకండి.

మాను మొదట్లో ఏం చూడాలి? మాను చుట్టూ చెక్కలా గట్టిగా ఉండే పుట్టగొడుగులు వచ్చాయా? వస్తే లోపల వేరో మానో కుళ్లుతోందని అనుమానించాలి. చెట్టు ఈమధ్యే ఒరిగిందా, ఒరిగిన వైపుకి ఎదురుగా నేల పగిలి లేచిందా? అలా ఉంటే ఆలస్యం చేయొద్దు, దాని కింద పిల్లల్ని ఆడనివ్వొద్దు. తొర్ర ఒక్కటే ఉంటే మాత్రం భయపడక్కర్లేదు. చెట్టుకి ప్రాణం బెరడు కిందే ఉంటుంది. తొర్ర ఎంత పెద్దది, పడితే ఎవరి మీద పడుతుంది అన్నదే లెక్క. తొర్రలో సిమెంటు మాత్రం నింపకండి.

మా చెట్టు విషయంలో అసలు తప్పు మాదే. బండి పెట్టుకోవడానికి మాను అంచు దాకా కాంక్రీటు పోయించాం. నీళ్లు పీల్చే సన్నవేర్లు ఎక్కువగా పైమట్టిలోనే, అడుగున్నర లోపే ఉంటాయి. వాటికి గాలీ నీళ్లూ అందకుండా చేశాం. మానుకి మూడడుగుల దాకా ఆ కాంక్రీటు పగలగొట్టించి, పాదు చేసి, ఎండుటాకులు పరిచాం. ఆకులు మానుకి ఆనకుండా చూసుకోండి. నీళ్లు మాను మొదట్లో కాదు, కొమ్మల అంచు కిందుగా పోయాలి.

చెట్టు తీసేయక తప్పదంటే, మన పెరట్లోదే కదా అని రంపం పట్టకూడదు. కర్ణాటకలో 1976 చెట్ల సంరక్షణ చట్టం ఉంది. వేపచెట్టు కొట్టాలంటే ట్రీ ఆఫీసర్, అంటే చెట్ల అనుమతులు చూసే అధికారి, అనుమతి కావాలి. నగరపాలిక అటవీ విభాగంలో అర్జీ పెడితే వచ్చి చూస్తారు. పెద్ద కొమ్మ కొట్టించాలన్నా ముందు అక్కడే అడగండి. కొమ్మ కరెంటు తీగలకు తగులుతుంటే ఇక్కడి కరెంటు సంస్థ బెస్కామ్‌కు చెప్పండి, మీరు ఎక్కకండి.

ఇక మా చెట్టు. తూర్పు వైపంతా ఎర్రటి చిగుళ్లు వచ్చాయి, చూడండి ఎంత ముద్దుగా ఉన్నాయో! పక్కింటి రేకుల మీదికి వెళ్లిన పడమటి కొమ్మ మాత్రం ఎక్కడ గీకినా పొడే. అది తీసేయాల్సిందే. ముందు కింది నుంచి సగం లోపు కోత, తర్వాత కాస్త అవతలగా పైనుంచి రెండోది. అలా అయితే కొమ్మ విరిగేటప్పుడు మాను బెరడు చీలదు. మిగిలిన మోడుని మాను దగ్గర ఉంగరంలా ఉబ్బిన చోటుకి బయటే కోయాలి. ఆ ఉబ్బు నుంచే గాయం మానుతుంది. రంగూ తారూ ఏమీ పూయక్కర్లేదు.

ఏప్రిల్, మే ఈదురుగాలులు మొదలుకాకముందే ఆ కొమ్మ దించాలి. అర్జీ ఇచ్చేశాం. దించే రోజు వీడియో తీసి పెడతాను.