పందిరి మీద వచ్చిన ఉత్తరం

వ్యాఖ్యాత: నమస్కారం. టెక్సాస్‌లో ఉంటున్న తెలుగువారి కోసం మన ఫోన్-ఇన్ కార్యక్రమం ఇది. ఈ వారం విషయం ఇంటి ఓనర్ల అసోసియేషన్లు, అంటే హెచ్‌ఓఏలు. కాలనీ తీరు చెడిపోకుండా ఇవి ఏం చేస్తాయి, ఎంతవరకు చెయ్యొచ్చు అన్నది మాట్లాడుకుందాం. మనతో ఉన్న సలహాదారు గారు ఆరేళ్లు తమ కాలనీ ఆర్కిటెక్చరల్ కమిటీలో, అంటే ఇళ్లకి చేసే మార్పులకి అనుమతిచ్చే కమిటీలో, పనిచేశారు. మొదటి కాల్ ఫ్రిస్కో నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారమండీ. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చారు. ఇక్కడ పొద్దుపోవట్లేదని పెరట్లో బీరపాదు పెట్టుకున్నారు. మా ఆయన నాలుగు పైపులు పాతి, పైన నైలాన్ తాళ్లు అల్లి పందిరి వేశారు. ఇప్పుడు అసోసియేషన్ నుంచి ఉత్తరం వచ్చింది. అనుమతి లేని కట్టడమట, తీసెయ్యకపోతే ఫైన్ వేస్తారట. అత్తయ్యగారు రెండు రోజుల్నుంచి పెరట్లోకే వెళ్లట్లేదు. చివరికి ఇల్లే లాక్కుంటారేమోనని నాకు ఒకటే టెన్షన్.

సలహాదారు: ముందు ఆ భయం వదిలెయ్యండమ్మా. ఫైన్ల బాకీ ఒక్కదాని కోసమే ఇల్లు వేలం వెయ్యడానికి టెక్సాస్ చట్టం ఒప్పుకోదు. అసెస్‌మెంట్, అంటే అసోసియేషన్‌కి కట్టాల్సిన చందా, కట్టకపోతే మాత్రం ఇంటిమీద లీన్, అంటే బాకీ కింద హక్కు, పడుతుంది, అది వేలం దాకా పోవచ్చు. కోపంతో అసెస్‌మెంట్ ఆపేసి చిక్కుల్లో పడ్డవాళ్లని చూశాను. గొడవ గొడవే, కట్టాల్సింది కట్టెయ్యండి. సరే, పందిరి ఎత్తెంత?

కాలర్: ఎనిమిదడుగులు ఉంటుందండీ. ఫెన్స్ ఆరడుగులు.

సలహాదారు: అంటే రోడ్డు మీదికి కనిపిస్తోంది. కమిటీలో మేం మొదట చూసేది అదే. మీ గైడ్‌లైన్స్ ఏమంటున్నాయో చదివి, పందిరిని ఫెన్స్ కంటే కిందికి దించి, కొత్తగా అప్లికేషన్ పెట్టండి. ఇల్లు కొన్నప్పుడు ఇచ్చిన సర్వే కాపీ మీద పందిరి ఎక్కడుందో పెన్నుతో గీయండి. ఎత్తు, వెడల్పు, ఏ సామానుతో వేశారు, ఏ రంగు అన్నీ రాయండి. రెండు ఫొటోలు జతచెయ్యండి. ఒకటి పెరట్లోంచి, ఒకటి రోడ్డు మీంచి. 'చిన్న పందిరి వేసుకుంటాం' అని ఒక్క వాక్యం రాసి పంపేవాళ్లు మాకు. దాని మీద ఎవరైనా ఏం నిర్ణయిస్తారు? కమిటీ కాదంటే, కారణాలు వివరంగా రాసి ఇవ్వాలి. బోర్డుకి అప్పీలు చేసుకోవచ్చు. ఉత్తరం మీకు ఏ తేదీన మెయిల్ చేశారు?

కాలర్: కవరు కార్లో ఉందండీ.

సలహాదారు: ఆ తేదీ చాలా ముఖ్యం. చూసి మళ్లీ చెయ్యండమ్మా, ఈలోగా ఇంకొకరితో మాట్లాడతాను.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ కేటీ నుంచి.

కాలర్: బాబూ, మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. మనం డబ్బు పోసి కొన్న ఇంటికి రంగు వేసుకోవాలంటే ఇంకొకరి పర్మిషన్ ఏమిటి?

సలహాదారు: న్యాయమైన ప్రశ్నే బాబాయ్‌గారూ. ఇక్కడ బిల్డరు కాలనీ వేసేటప్పుడే షరతుల పత్రం ఒకటి రాసి కౌంటీలో రిజిస్టర్ చేస్తాడు. సీసీ అండ్ ఆర్ అంటారు. అది మనిషితో కాదు, భూమితో పోతుంది. ఎవరు కొన్నా వర్తిస్తుంది. మీ అబ్బాయి క్లోజింగ్ రోజు సంతకాలు పెట్టిన కట్టలో దాని ప్రస్తావన ఉండే ఉంటుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ పద్ధతిని పెద్ద ఎత్తున నడిపినవాళ్లలో జె.సి. నికొల్స్ ఒకరు. 20వ శతాబ్దం మొదట్లో కాన్సస్ సిటీలో కాలనీలు వేశారు. ఇంటి ముందు ఎంత స్థలం వదలాలో రాసిన ఆ పత్రాల్లోనే, నల్లవాళ్లకి ఇల్లు అమ్మకూడదని కూడా రాశారు. అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చెయ్యకూడదని 1948లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇళ్ల అమ్మకంలో ఇలాంటి వివక్షని నిషేధించిన ఫెయిర్ హౌసింగ్ చట్టం 1968లో గానీ రాలేదు. అందుకే మీటింగ్‌లో ఎవరైనా 'కాలనీ తీరు మారిపోతోంది' అంటే నేను ఆపి అడిగేవాణ్ని, ఏం మారిపోతోంది, ఫెన్సులా, మనుషులా అని. ఈ ప్రశ్న అడగడానికి మనవాళ్లు మొహమాటపడకూడదు.

కాలర్: మరి తులసికోట పెట్టుకోవచ్చా? ఎవరో వద్దన్నారు.

సలహాదారు: నిశ్చింతగా పెట్టుకోండి. భక్తితో పెట్టుకునే వస్తువులకి టెక్సాస్‌లో చట్టం రక్షణ ఉంది. 2011లో వీధి గుమ్మం వరకే ఉండేది, 2021లో ఇంటి స్థలమంతటికీ పెంచారు. అసోసియేషన్ సొంత స్థలంలో, సెట్‌బ్యాక్ గీత, అంటే స్థలం అంచు నుంచి ఖాళీగా వదలాల్సిన హద్దు, దాటి మాత్రం కట్టకండి.

వ్యాఖ్యాత: హ్యూస్టన్ నుంచి ఇంకొకరు.

కాలర్: నాది ఎదురు బాధండీ. మాది పాత కాలనీ, అసోసియేషన్ ఉందన్న మాటే గానీ కదలదు. పక్కింటాయన గరాజ్‌లో కార్ల రిపేరు షాపు పెట్టాడు. రోడ్డంతా ఆయిల్ మరకలు, రాత్రి పదింటికి కూడా సుత్తి మోతలు.

సలహాదారు: హ్యూస్టన్‌లో జోనింగ్, అంటే ఎక్కడ ఇళ్లు, ఎక్కడ షాపులు ఉండాలో నగరం నిర్ణయించే పద్ధతి, లేదు. 1948, 1962, 1993 మూడుసార్లు ఓటుకి పెడితే జనం వద్దన్నారు. కాబట్టి ఇళ్ల మధ్య షాపు రాకుండా ఆపేది చాలా చోట్ల డీడ్ రిస్ట్రిక్షన్సే, అంటే ఇందాక చెప్పిన షరతుల పత్రాల్లాంటివే. కౌంటీ క్లర్కు ఆఫీసు నుంచి మీ కాలనీ కాపీ తెచ్చుకోండి. గడువు ఉందో లేదో చూడండి. పాత కాలనీల్లో 25, 30 ఏళ్లకి రాసినవి ఉంటాయి, సంతకాలు సేకరించి పొడిగించుకోకపోతే చెల్లిపోతాయి. గడువుంటే హ్యూస్టన్ నగర లీగల్ డిపార్ట్‌మెంటుకే ఫిర్యాదు చెయ్యొచ్చు. అసోసియేషన్ కదలకపోయినా నగరమే కేసు వెయ్యగలదు. తేదీలతో ఫొటోలు తీసి పెట్టుకోండి.

ఆలస్యం మాత్రం చెయ్యకండి. కాలనీలో ఉల్లంఘనల్ని ఏళ్ల తరబడి చూసీ ఊరుకుంటే, ఆ షరతును మీరే వదులుకున్నారని కోర్టు అనొచ్చు. ఇందాకటి అమ్మాయికి పందిరి మీద ఉత్తరం రావడానికి అదీ ఒక కారణం. బోర్డు ఒకరిని వదిలేస్తే, రేపు ఇంకొకరు అదే చూపించి షెడ్డు కడతారు.

వ్యాఖ్యాత: ఫ్రిస్కో అమ్మగారు మళ్లీ లైన్లోకి వచ్చారు.

కాలర్: కవరు దొరికిందండీ. మెయిల్ చేసి ఇవాళ్టికి పన్నెండు రోజులైంది.

సలహాదారు: హియరింగ్, అంటే బోర్డు ముందు మీ మాట చెప్పుకునే అవకాశం, అడగడానికి మెయిల్ చేసిన రోజు నుంచి 30 రోజులుంటాయి. ఇంకా పద్దెనిమిది ఉన్నాయి. రేపే రాతపూర్వకంగా అడగండి, సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి రసీదు దాచుకోండి. ఆరు నెలల్లో ఇలాంటి నోటీసే ఇంకోటి రాలేదు కదా?

కాలర్: లేదండీ, ఇదే మొదటిది.

సలహాదారు: అయితే ఉత్తరంలో ఇచ్చిన గడువులోపు సరిచేసుకుంటే ఫైన్ పడదు.

కాలర్: అత్తయ్యగారు మాట్లాడతారట, ఒక్క నిమిషం.

అత్తగారు: బాబూ, పాదు పీకెయ్యాలా? పిందెలున్నాయి.

సలహాదారు: అయ్యో, పీకకండమ్మా. వాళ్లు అడిగింది పైపుల గురించి. అబ్బాయితో పైపులు పొట్టిగా కోయించి, పందిరి ఫెన్స్ కిందికి దించమనండి.

అత్తగారు: తీగ నలగదూ?

సలహాదారు: ఒకేసారి లాగితే విరుగుతుందమ్మా. ఒక్కో తాడూ విప్పుతూ, ఇద్దరు రెండువైపులా పట్టుకుని మెల్లగా దించాలి.

అత్తగారు: అయితే రేపు పొద్దున్నే, ఎండ ముదరకముందే దింపిస్తాను.