మైనస్ ఓటు వేస్తే మనకీ ఒక పాయింట్ ఎందుకు పోతుంది?

[స్క్రీన్ మీద: పైకి ఒక బాణం, కిందికి ఒక బాణం, మధ్యలో 47. దాని కింద పచ్చటి టిక్కు.]

నమస్తే అండీ. కోడింగ్ నేర్చుకునేవాళ్లు ఈ బొమ్మని ఇట్టే గుర్తుపడతారు. స్టాక్ ఓవర్‌ఫ్లో! ప్రోగ్రామింగ్ మీద ఎవరైనా ప్రశ్న అడిగితే తెలిసినవాళ్లు జవాబు చెప్పే వెబ్‌సైట్ ఇది. అర్ధరాత్రి ప్రోగ్రామ్ ఆగిపోయి, టెన్షన్‌తో ఆ ఎర్రర్‌ని కాపీ చేసి గూగుల్‌లో వేస్తే చాలాసార్లు తేలేది ఇక్కడే. 2008లో జెఫ్ అట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ దీన్ని మొదలుపెట్టారు. జవాబు చెప్పేవాళ్లెవరో మనకి తెలీదు. మరి ఎవరి మాట నమ్మాలి? ఓట్లు పుట్టింది అందుకే.

ఖాతా తెరిచినప్పుడు మీకుండేది ఒకే ఒక్క పాయింట్. మీ జవాబుకి ఒక ప్లస్ ఓటు పడితే 10 వస్తాయి. అడిగినవాళ్లు "నా సమస్య తీరింది" అని పచ్చ టిక్కు పెడితే ఇంకో 15. ప్రశ్నకి పడే ఓటుకి చాలాకాలం 5 పాయింట్లే ఇచ్చేవాళ్లు. 2019లో దాన్నీ 10 చేశారు. నాకది న్యాయంగా అనిపించింది. మంచి ప్రశ్న అడగడానికీ బుర్ర పెట్టాలి కదా!

[స్క్రీన్ మీద: కింది బాణం దగ్గర ఆగిన వేలు.]

ఇప్పుడు నాకు బాగా నచ్చిన రూల్. ఎవరి జవాబుకైనా మీరు మైనస్ వేశారనుకోండి. వాళ్లకి 2 పాయింట్లు పోతాయి, మీకూ ఒకటి పోతుంది. పోయేది ఒక్కటే అయినా, నొక్కబోయే వేలు ఒక్క క్షణం ఆగుతుంది. "ఇది నిజంగా తప్పా, లేక నాకు నచ్చలేదా?" ఏళ్ల తరబడి నడిచిన లెక్క ప్రకారం, 125 పాయింట్లు సంపాదిస్తే గానీ మైనస్ వేసే హక్కే రాదు.

అలాగే 2,000 వస్తే ఇంకొకళ్ల పోస్టుని ఎవర్నీ అడక్కుండా దిద్దొచ్చు. 10,000 దాటితే తీసేసిన పోస్టులు కూడా కనిపిస్తాయి. వేరేవాళ్ల పోస్టు కింద కామెంట్ పెట్టడానికి మాత్రం 50 కావాలన్నారు. స్పామ్‌ని ఆపడానికే అనుకోండి, కానీ కొత్తవాళ్లు "మీరు ఏ వెర్షన్ వాడుతున్నారు?" అని కూడా అడగలేకపోతే ఎలా? ఆ గీత మరీ ఎత్తులో ఉందని నా అభిప్రాయం.

స్నేహితులంతా కలిసి ఒకళ్లకే వరసగా ఓట్లు గుద్దేస్తే? రోజూ నడిచే ఒక ప్రోగ్రామ్ అది పసిగట్టి ఆ ఓట్లన్నీ వెనక్కి తీసేస్తుంది.

ఇక ఎవరూ పట్టించుకోని ప్రశ్న ఉంటే, మీ పాయింట్లలోంచి కనీసం 50 తీసి దానిమీద బహుమతి పెట్టొచ్చు. వారం రోజులు ఆ ప్రశ్న అందరి కళ్లలో పడుతుంది. జవాబు రాకపోయినా ఆ 50 తిరిగి రావు. అయినా పెడతారు, ఒక్కోసారి తమది కాని ప్రశ్నకి కూడా.