తేరు కదిలే వీధిలో బండ్ల నిలుపుదల

శ్రోతలందరికీ నమస్కారం.

తిరుపతిలో గోవిందరాజస్వామి వారి బ్రహ్మోత్సవాలలో ఎనిమిదో నాటి ఉదయం గుడి చుట్టూ ఉన్న వీధులను ఒకసారి గమనించండి. ముందు రోజు దాకా ఆటో దూరడమే గగనమైన చోట అంతటి తేరు, మోకులు పట్టిన భక్తజనంతో సహా సాగిపోతుంది. ఆనాటి కోసం వీధిని ఎవరూ వెడల్పు చేయలేదు. అంచుల వెంబడి నిలిచి ఉండే బండ్లను తీయించారు, అంతే.

ఒక కారు నిలవడానికి దాదాపు రెండున్నర మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు గల చోటు కావాలి కనుక, రెండు వైపులా కార్లు ఆపితే అయిదు మీటర్ల దారి పోయినట్టే. మరి అక్కడ నిలిచేవి ఎవరి బండ్లు? గాంధీరోడ్డులో ఉదయం షట్టర్లు లేచే వేళ నిలబడి చూశాను. మొదట వచ్చి ఆగినవి చాలా వరకు దుకాణదారులవి, వారి దగ్గర పనిచేసేవారివి. అవి రాత్రి కొట్టు కట్టేదాకా కదలవు. చంద్రగిరి నుంచి పెళ్లి సామాను కొనవచ్చిన కుటుంబం చోటు దొరక్క రెండు చుట్లు తిరిగి, చివరికి నిలిచిన బండ్ల పక్కనే మరో వరుసగా తమ బండి పెడుతుంది. ఒక్క బండి పది గంటలు ఆక్రమించిన చోటులో, అరగంట చొప్పున ఇరవై మంది కొనుగోలుదారులు వచ్చి పోవచ్చు. బండ్ల నిలుపుదలకు రుసుము పెడితే బేరాలు పోతాయని భయపడే వర్తక సోదరులు ఈ లెక్కను తీరికగా వేసి చూడాలని నా మనవి.

మొదటి అరగంట ఉచితంగా ఉంచి, ఆపైన గంటగంటకూ రుసుము పెంచాలి. పనివారి బండ్లకు పది నిమిషాల నడక దూరంలో తక్కువ ధరకు నెలవారీ పాసు ఇవ్వాలి. వచ్చిన సొమ్ము అదే వీధి కాలిబాటకు ఖర్చు కావాలి. జపాన్‌లో 1962 నుంచి, బండి నిలుపుకొనే చోటు చూపనిదే కారు నమోదు కాని చట్టం ఉంది. మనం అంత దూరం పోనక్కరలేదు. అడ్డంగా బండి వదిలి వెళ్లడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ ఎప్పుడో నిషేధించింది.

2023లో పూర్తయిన శ్రీనివాస సేతు యాత్రికులను అలిపిరి వైపు త్వరగా చేరుస్తోంది. మేలే. అయితే వంతెన దిగిన బండికి చోటు చూపడం వంతెన పని కాదు. రద్దీ అనగానే ముందుగా పూలబుట్టలవారినీ తోపుడుబండ్లవారినీ లేపడం నాకు సమ్మతం కాదు. బుట్ట పట్టేది గజం నేల.

మొన్న వేసవిలో ఒక ఇరుకు సందు మొగలో అంబులెన్సు ఆగిపోయింది. ఎదుట తాళం వేసిన కారు. యజమాని కోసం కొట్టు కొట్టుకూ తిరిగి అడుగుతూ ఉంటే, నలుగురు కుర్రాళ్లు పక్కనున్న స్కూటర్లను ఎత్తి అరుగు మీద పెట్టి దారి చేశారు. లోపలి తల్లి చేతిలో సెలైన్ సీసా అలాగే పైకెత్తి ఉంది.

అందుకే గాంధీరోడ్డు ఒక్కదానిలో మూడు నెలలు ఈ పద్ధతిని నడిపి చూడాలని నగరపాలక సంస్థను కోరుతున్నాను. ఫలితం తెలియడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. నోటుపుస్తకం పట్టుకొని గంటకొకసారి బండ్ల నంబర్లు రాసుకొనే ఇద్దరు డిగ్రీ విద్యార్థులు చాలు.