గొంతులో పోలియో

అందరికీ నమస్కారం. పోలియో అనగానే మన తిరుపతిలో బర్డ్ ఆస్పత్రి, కాలికి ఊతంగా కట్టే క్యాలిపర్లు, చంకకర్రలు గుర్తొస్తాయి. గొంతు సంగతి ఎవరూ అడగరు. అందుకే ఇవాళ దాని గురించే మాట్లాడతాను.

పోలియో వైరస్ దెబ్బతీసేది కండరాన్ని నడిపించే నరాల కణాలను. అవి వెన్నుపాములో చచ్చిపోతే కాలో చెయ్యో పడిపోతుంది. మెదడు అడుగున మెడుల్లాలో చచ్చిపోతే అంగిలి, గొంతు పడిపోతాయి. దీన్ని బల్బార్ పోలియో అంటారు. స్పర్శ మాత్రం పోదు. ముద్ద ఇరుక్కున్నట్టు తెలుస్తూనే ఉంటుంది, కిందికి తోయడమే చేతకాదు.

మింగేటప్పుడు అంగిలి వెనక భాగం పైకి లేచి ముక్కు దారిని తలుపులా మూయాలి. లేవకపోతే తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తాయి. మాటకూ ఆ తలుపే కావాలి. గాలి ముక్కులోకి జారిపోతే 'బడి' అన్నా 'మణి' అన్నట్టే వినిపిస్తుంది. స్వరతంతువులు సరిగ్గా కలవకపోతే గొంతు బొంగురుపోతుంది, దగ్గులో బలం ఉండదు. నన్నడిగితే అన్నిటికన్నా ప్రమాదం ఇదే. దారి తప్పిన మెతుకును బయటికి నెట్టేది దగ్గే కదా! 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో విజృంభించినప్పుడు, ఇనుప ఊపిరియంత్రంలో పెట్టినా చాలామంది బతకలేదు. మింగలేని ఉమ్మి ఊపిరితిత్తుల్లోకి దిగేది. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు మెడ దగ్గర రంధ్రం చేసి, గొట్టం పెట్టించి, చేత్తో సంచి నొక్కి ఊపిరి అందించే పద్ధతి మొదలుపెట్టాక మరణాలు బాగా తగ్గాయి. వైద్య విద్యార్థులు షిఫ్టులవారీగా రాత్రింబవళ్లు ఆ సంచులు నొక్కారు.

మన దేశంలో చివరి వైల్డ్ పోలియో (సహజంగా వ్యాపించే వైరస్ వల్ల వచ్చేది) కేసు 2011 జనవరిలో, పశ్చిమ బెంగాల్‌లో నమోదైంది. మరి ఇప్పుడెందుకీ మాటలు అంటారా? పోలియో వచ్చిన పదుల ఏళ్ల తర్వాత, చచ్చిపోయినవాటి అదనపు భారం మోస్తూ వచ్చిన నరాలు కొందరిలో అలిసిపోతాయి. చిన్నప్పుడు గొంతు బాగున్నవాళ్లకూ అప్పుడు మింగడం కష్టం కావచ్చు. తిన్నాక గొంతు గరగరలాడటం, సాయంత్రానికి మాట సన్నబడటం, మాటిమాటికీ నిమోనియా రావడం, వీటిని తేలిగ్గా తీసుకోవద్దు.

పొలమారితే 'ఎవరో తలుచుకుంటున్నారు' అని నెత్తిన తట్టి నీళ్లిస్తాం. రోజూ మూడు పూటలా తలుచుకునే తీరిక ఎవరికుందండీ? ఎక్స్‌రేలో కనిపించే బేరియం కలిపిన ఆహారం మింగిస్తూ ఎక్స్‌రే వీడియో తీస్తే, ముద్ద ఎటు పోతోందో కనిపిస్తుంది. ఒకవైపు గొంతే బలహీనమైతే ఆ వైపుకే తల తిప్పి మింగమంటాం. తిరకాసుగా ఉంటుంది గానీ, అటు దారి మూసుకుని ముద్ద బలమున్న వైపునుంచి దిగుతుంది. పరీక్ష అయ్యాకే ఇలాంటివి చేయాలి.

చెంబు ఎత్తి నీళ్లు గొంతులో పోసుకోవడం మాత్రం ఇవాళే మానేయండి. సంగటి ముద్ద గుటుక్కున మింగే అలవాటు మనది. ఇకనుంచి చిన్న ముద్ద, పులుసు దండిగా. కడుపునిండా తినేది మధ్యాహ్నమే పెట్టుకోండి, రాత్రికి గొంతు అలిసిపోయి ఉంటుంది. ఏ ఆపరేషనుకు వెళ్లినా పోలియో వచ్చిన సంగతి మత్తు డాక్టరుకు ముందే చెప్పండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.