తడి ఒకచోట, దారి ఒకచోట: కారులోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

(విజయవాడ ఆటోనగర్. షెడ్డు ముందు తెల్ల కారు, ఎడమ ముందు డోర్ తీసి ఉంది. మ్యాట్ ఎత్తి కార్పెట్‌ని అరచేత్తో నొక్కితే వేళ్ల సందుల్లోంచి నీళ్లు.)

పైపైన తడిమితే చెమ్మ, అంతే. నొక్కితే ఇదీ సంగతి! కార్పెట్ కింద మందపాటి స్పాంజి ఉంటుంది, తాగినన్ని నీళ్లు తాగి కూర్చుంటుంది.

ఈ కారాయన ముందే ఇంకోచోట అద్దం చుట్టూ సీలెంట్ కొట్టించుకొచ్చారు. డబ్బులు పోయాయి, తడి పోలేదు. "వాన ఎప్పుడు పడింది సార్?" అన్నాను. "మే నెలలో బెజవాడలో వానేంటండీ?" అన్నారు.

మరి నీళ్లు ఎక్కడివి? ఏసీవి.

(డ్యాష్‌బోర్డు కింద టార్చి వెలుగు.)

చాలా కార్లలో ఏసీ కూలింగ్ కాయిల్ ఇక్కడే, ఎడమవైపు ఉంటుంది. గాలిలో తేమ దాని మీద నీరై, చిన్న రబ్బరు గొట్టంలోంచి కారు కిందికి కారాలి. మన ఉక్కపోతకి ఆ నీళ్లు బాగానే వస్తాయి. గొట్టంలో దుమ్ము, ఆకు చెత్త అడ్డం పడితే వెనక్కి తన్ని లోపలికి వస్తాయి.

(తెల్ల టిష్యూ కార్పెట్‌కి అద్దుతారు.)

రంగు లేదు, జిగురు లేదు. అదే రంగుగా, వేళ్లకి జారుతూ, తియ్యటి వాసన వస్తే కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం), అంటే హీటర్ లీకు. అప్పుడు వెంటనే చూపించాలి. ఇంజిన్ వేడి మీద మాత్రం కూలెంట్ మూత తియ్యకండి.

వాన పడినప్పుడో, కడిగినప్పుడో మాత్రమే తడుస్తుంటే కథ వేరు. లోపల ఒకరు టార్చితో కూర్చోవాలి, బయట ఒకరు పైపు పట్టాలి. సన్నటి ధారతో కింద మొదలుపెట్టి, ఒక్కోచోట రెండు మూడు నిమిషాలు ఆగుతూ పైకి వెళ్లాలి. ముందే టాప్ మీద పోస్తే అన్నీ తడిసి, ఏ సందులోంచి దిగాయో తెలియదు. ప్రెజర్ వాషర్ అసలొద్దు, బాగున్న బీడింగ్‌లోంచి (డోర్ చుట్టూ ఉండే రబ్బరు) కూడా నీళ్లు దూరతాయి.

వేపచెట్టు కింద పెట్టే కారైతే వైపర్ల కింద జాలీ చూడండి, ఆకులు నిండి ఉంటాయి. సన్‌రూఫ్ ఉంటే దాని మూలల్లోని గొట్టాలు. డోర్ ప్యాడ్ విప్పినప్పుడు లోపలి ప్లాస్టిక్ షీట్ సరిగా అంటించకపోయినా అంతే. డిక్కీలో నీళ్లా? స్టెప్నీ ఎత్తి, టెయిల్ ల్యాంప్ వెనక గాస్కెట్లు, అంటే నీళ్లు ఆపే రబ్బర్లు చూడండి.

2024లో బుడమేరు వరదకి మునిగిన కార్ల సంగతి ఇది కాదు. మునిగిన బండిని స్టార్ట్ చెయ్యకుండా లాక్కురావడమే.

(కారు కింద. మెత్తటి వైరు గొట్టంలోకి నెమ్మదిగా వెళ్తుంది. బురద ముద్ద, వెనకే బుడబుడా నీళ్లు.)

కంప్రెసర్ గాలి గట్టిగా కొడితే లోపల గొట్టం ఊడొచ్చు, అందుకే వైరు. ఇప్పుడు సీటు విప్పి, కార్పెట్ ఎత్తి స్పాంజి పూర్తిగా ఆరబెట్టాలి. దాని కిందే వైరింగ్ కనెక్టర్లు ఉంటాయి మరి.

(ఏసీ ఆన్. కారు కింద టప్ టప్ మని బొట్లు.)

ఇదిగో సార్, మీ నీళ్లు రోడ్డు మీదికి వచ్చేశాయి. ఆ సీలెంట్ గీకించుకుంటారో, ఉంచుకుంటారో మీ ఇష్టం.